కంచం దగ్గర కాపలా మానండి, ఊలు మాత్రం వదలకండి

ప్రశ్న: నా వయసు 54. మాది తెనాలి. మావారు రిటైరై ఏడాదైంది. ఆరు నెలల కిందట ఆయనకు షుగర్ బయటపడింది, హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 8.4 వచ్చింది. ఆ మర్నాటి నుంచే ఇంట్లో వంట మొత్తం మార్చేశాను. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కొర్రన్నం. పచ్చళ్ల జాడీలు అటకెక్కించాను. ఆయన రెండు ముద్దలు తిని కంచం తోసేస్తారు. మా అత్తయ్యగారికి ఎనభై ఏళ్లు. ‘వాడిని పస్తులు పెడుతున్నావు’ అంటూ, నేను అటు తిరగ్గానే వేడి తెల్లన్నంలో నెయ్యి వేసి పెట్టేస్తారు. నాకున్న ఒక్క సంతోషం ఊలు అల్లిక. మా అమ్మాయి షికాగోలో ఉంటుంది, నవంబరులో పురుడు. పుట్టబోయే బిడ్డకి స్వెటర్ మొదలుపెట్టాను. మొన్న రాత్రి మావారు ‘కొంటే వెయ్యి రూపాయలకు వస్తుంది, మొగుడి ఆరోగ్యం కంటే ఆ దారాలెక్కువా’ అన్నారు. ఆ కోపంలో స్వెటర్ వెనక భాగం మొత్తం ఊడదీసేశాను. మూడు వారాల పని అది. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. మా అమ్మది నరసాపురం దగ్గర పల్లె. లేసు అల్లి ఏజెంటుకిచ్చి మమ్మల్ని చదివించింది. నేను ఇష్టంగా కాసేపు అల్లుకోవడం కూడా తప్పేనా?

జవాబు: తప్పు కాదమ్మా. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఆ ఊడదీసిన స్వెటర్ దగ్గరే. కోపం వచ్చింది ఆయన మాట మీద, శిక్ష పడింది మీ చేతిపనికి. ఒక్కో కుట్టూ జారిపోతూ, ఊలంతా ఉంగరాలు తిరిగి ఒళ్లో కుప్ప పడుతుంటే మీకెలా ఉండి ఉంటుందో ఊహించగలను. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు గొడవయ్యాక మొదట వదిలేసేది తమకి ఇష్టమైన పనినే. అది వదిలేస్తే ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు కాబట్టి. దయచేసి ఇంకోసారి అలా చేయకండి.

మీ అమ్మగారి ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక మాట. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లకి ఈ లేసు పని పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. తరాలుగా ఆడవాళ్లు ఇంటి పని ముగించుకుని అరుగు మీద కూర్చుని అల్లితే, ఆ లేసు విదేశాలకు వెళ్లింది. వాళ్లకు దక్కిన కూలి మాత్రం చాలా తక్కువ. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పనే కదా అని దాన్ని పనిగా కూడా లెక్కపెట్టలేదు. అలాంటి నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే అది ఆ ప్రాంతపు ప్రత్యేకతేనన్న అధికారిక ముద్ర, వచ్చింది. మీ వారన్న ‘ఆ దారాలు’ లాంటి మాట మీ అమ్మగారు కూడా ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటారు. ఆవిడ మీ చదువు కోసం అల్లారు. మీరు ఒక బిడ్డ కోసం, మీ మనసు కోసం అల్లుకుంటున్నారు. ఆవిడ ఉంటే ఇది చూసి ఎంత మురిసిపోయేవారో!

ఇక వంట సంగతి. ఇక్కడ మాత్రం నేను పూర్తిగా మీ వైపు మాట్లాడలేను. మీ భయం నాకు అర్థమైంది. కానీ ఆయన కోణంలో ఒక్కసారి చూడండి. రిటైరయ్యారు, ఆఫీసు పోయింది. ఆరు నెలలకల్లా షుగర్ అన్నారు. ఆ మర్నాడే అరవై ఏళ్లుగా తింటున్న అన్నం కంచంలోంచి మాయమైంది, అదీ ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా. ఆయన తోసేసేది కొర్రన్నాన్ని మాత్రమే అనుకోకండి. తన జబ్బు గురించి తనకే మాట లేకుండా పోయిందన్న ఉక్రోషం కూడా అందులో ఉంది.

కొర్రల్ని ఎన్ని గంటలు నానబెడుతున్నారు? నానకుండా వండితే పొడిపొడిగా గొంతుకడ్డం పడతాయి. రాత్రే నానబోసి, ఒకటికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి వండితే మెత్తగా ఉంటుంది. అదీ వారానికి రెండు రోజులు చాలు. రాగి జావ విషయంలో చాలామంది పొరబడతారు. రాగులు మంచివే, కానీ మెత్తటి పిండిని పల్చగా కాచి తాగితే అది త్వరగా అరిగి షుగర్ వేగంగానే పెరుగుతుంది. దాని బదులు పెసరట్టు వేయండి, లేదా కూరతో రాగి రొట్టె. ఆయన మొహం చిట్లించకుండా తింటారు.

తెల్లన్నాన్ని తిరిగి కంచంలోకి రానివ్వండి. ఒక చిన్న గిన్నె కొలతగా పెట్టుకోండి, ఆ గిన్నె ఆయన చేతికే ఇవ్వండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలన్నారు. షుగర్ ఉంది కాబట్టి మీ వారికి ఆ సగం ఎక్కువగా కూరలే కావాలి. ముందు బీరకాయ కూరో పొట్లకాయ కూరో పప్పుతో కలిపి తిని, అన్నం చివర్లో కలుపుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. ఒక పచ్చడి జాడీ కిందికి దించండి. పచ్చడితో వచ్చే చిక్కు ముఖ్యంగా ఉప్పు, నూనె. రోజు మొత్తానికి ఉప్పు ఒక టీస్పూను మించకూడదు కాబట్టి వేలితో అద్దుకునేంత చాలు. ఆవకాయ వాసన కూడా తగలని భోజనం గుంటూరు జిల్లా మనిషికి శిక్షలాగే ఉంటుంది మరి.

ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్ లేకపోతే కొనండి. అన్నం, నెయ్యి తిన్న రోజు రెండు గంటలాగి ఆయన్నే చూసుకోమనండి. కూర ఎక్కువ, అన్నం తక్కువ తిన్న రోజు కూడా అలాగే. తిన్నాక సాధారణంగా 180 లోపు ఉండాలంటారు, ఆయనకు ఎంత ఉండాలన్నది డాక్టరు చెప్పాలి. ఆ అంకెలు ఆయన చేత్తోనే నోట్‌బుక్‌లో రాయించండి. మీరు వంద సార్లు చెప్పినా ఎక్కనిది అలా ఎక్కుతుంది, పైగా మీకూ ఆయనకూ మధ్య గొడవ ఉండదు.

ఒక జాగ్రత్త. మీ వారు మాత్రలు వాడుతున్నారో లేదో రాయలేదు. కొన్ని రకాల మాత్రలు వేసుకుని రెండు ముద్దలతో లేచిపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం దాని గుర్తులు. ఆ అలకను తేలిగ్గా తీసుకోకండి, ఈ విషయం డాక్టరుకు చెప్పండి. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. ఆరు నెలలైంది, రెండో పరీక్ష చేయించారా? చేయించకపోతే ఈ వారమే ఇద్దరూ కలిసి వెళ్లండి.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఎనభై ఏళ్ల మనిషికి కొడుక్కి నాలుగు మెతుకులు పెట్టడం తప్ప ఇంట్లో ఇంకే పని మిగిలింది? ఆవిడని దొంగతనంగా పెట్టనివ్వకుండా, బాహాటంగా వడ్డించమనండి. ‘అత్తయ్యా, ఆకుకూర పప్పు మీ చేతి రుచి నాకు రాదు, దగ్గరుండి చెప్పండి’ అని అడగండి. అన్నం గిన్నె కొలత ఆయన చూసుకుంటారు, పప్పూ కూరా ఆవిడ మారు వడ్డిస్తారు.

మీ వారితో మాత్రం మాట్లాడాల్సిందే, కానీ భోజనం దగ్గర వద్దు. రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు కలిసి నడవండి, షుగర్‌కీ అది మంచిదే. ఆ నడకలో చెప్పండి: ‘రిపోర్టు వచ్చిన రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదండీ. ఆ భయంతోనే మిమ్మల్ని అడక్కుండా అన్నీ మార్చేశాను. ఇకమీదట ఏం తినాలో మీరూ నేనూ కలిసి అనుకుందాం. కానీ ఊలు గురించి మీరన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. నడిచి వచ్చాక ఒక గంట నేను అల్లుకుంటాను. ఆ గంట నాది.’ ఇంతే. సంజాయిషీ ఇవ్వకండి. మొదటి రోజు ఆయన ఏమీ అనకపోవచ్చు. మర్నాడు ఆ టైముకి మళ్లీ సూదులు తీసుకుని కూర్చోండి. అరగంటకోసారి లేచి మెడ, వేళ్లు కదిలించడం మరిచిపోకండి.

ఊడదీసిన ఊలుని పారేయలేదు కదా? కుర్చీ వీపు చుట్టూ తిప్పి చిలపలా, అంటే పొడవాటి దారపు చుట్టలా చేసి, నాలుగు చోట్ల వదులుగా దారంతో కట్టండి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, పిండకుండా నీళ్లు వత్తేసి నీడలో వేలాడదీయండి. ఉన్ని దారమైతే ఆ ఉంగరాలు చాలావరకు పోతాయి. ఈసారి పసిగుడ్డు సైజు కాకుండా ఆరు నెలల సైజు వేయండి. పుట్టినప్పటి సైజు నెల తిరిగేసరికి బిగుతైపోతుంది, షికాగోలోనేమో ఏప్రిల్లో కూడా చలి ఉంటుంది. తల మీంచి తొడిగేలా కాకుండా ముందు బొత్తాలు పెడితే మీ అమ్మాయికి సులువు. ఆ బొత్తాలు గట్టిగా కుట్టండి, పిల్లలు ముందు నోట్లో పెట్టుకునేది వాటినే.