బండి సంగతులు: పెట్రోల్ ఉన్నా ముల్లు ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర పల్లె. మా పెట్రోల్ కారు కొని తొమ్మిదేళ్లయింది. రెండు నెలలుగా ట్యాంకు సగానికి వచ్చేసరికి మీటరులోని ముల్లు ఒక్కసారిగా ‘ఈ’ మీదికి పడిపోతోంది. చక్రం గుంతలో పడి బండి ఊగితే మళ్లీ సగానికి లేస్తోంది. మొన్న పలాస వెళ్తుంటే ముల్లు కింద ఉన్నా మామూలేననుకుని నడిపాను. టెక్కలి దాటాక నిజంగానే పెట్రోల్ అయిపోయి, పిల్లలతో రోడ్డు పక్కన నిలబడాల్సి వచ్చింది. మెకానిక్ మీటర్ బోర్డు మొత్తం మార్చాలంటున్నారు. మార్చించమంటారా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇప్పుడే మార్చించకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే లోపం మీటర్ బోర్డులో ఉండే అవకాశం తక్కువ, ట్యాంకులోనో దాని కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) దగ్గరో ఉండే అవకాశం ఎక్కువ.

ట్యాంకులో పెట్రోల్ మీద తేలే చిన్న బెండు ఒకటి ఉంటుంది. దాన్ని ఒక సన్నని కడ్డీకి బిగిస్తారు. పెట్రోల్ తగ్గేకొద్దీ బెండు దిగుతుంది, కడ్డీ రెండో చివరన ఉన్న లోహపు నాలుక, కరెంటును అడ్డుకునే ఒక నిరోధక పట్టీ మీద జరుగుతుంది. ఆ నాలుక ఎక్కడ ఆనితే దాన్ని బట్టి వైరులో పారే కరెంటు మారుతుంది, ఆ మార్పునే ముల్లు చూపిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే దారిలో జరిగి జరిగి పట్టీ అరిగిపోతుంది. మా షెడ్డులో విప్పిన ఇలాంటి యూనిట్లలో ఆ అరుగుదల కంటికే కనిపిస్తుంది: పట్టీ అంతా మసక నలుపుగా ఉంటే, నాలుక ఎక్కువగా తిరిగిన చోట మాత్రం గోరుతో గీసినట్లు మెరిసే గీత ఉంటుంది. నాలుక ఆ చోటికి రాగానే స్పర్శ తెగిపోతుంది. చాలా కార్లలో అలా తెగితే ముల్లు ‘ఈ’ వైపు పోతుంది. బండి ఊగినప్పుడు బెండు కాస్త కదిలి నాలుక మంచి చోటికి జరగడంతో ముల్లు లేస్తుంది. ఎప్పుడూ సగం ట్యాంకుతోనే తిరిగే బండ్లలో సగం దగ్గరే అరగడం సహజం.

అయితే ఒక మెలిక ఉంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, కప్లర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టినా, ఎర్త్ వైరు బోల్టు దగ్గర తుప్పు చేరినా ముల్లు ఇలాగే ఆడుతుంది. పట్టీ అరుగుదలనూ ఈ చిలుము, తుప్పు లోపాన్నీ వేరు చేయడానికి ఖర్చు అక్కర్లేదు. ముల్లు పడిపోయిన ప్రతిసారీ అంతకుముందు అది ఎక్కడుందో పది రోజులు పుస్తకంలో రాసుకోండి. ప్రతిసారీ సగం దగ్గరే పడితే అది పట్టీ అరుగుదల. నిండుగా ఉన్నప్పుడూ పావు ఉన్నప్పుడూ కూడా గుంతల దగ్గర ముల్లు పడిపోతే కప్లర్, ఎర్త్ చూడాలి. పెట్రోల్ ముల్లుతో పాటు ఇంజన్ వేడి చూపే ముల్లు కూడా తప్పితే మాత్రం, అప్పుడు ఫ్యూజునూ మీటర్ బోర్డునూ అనుమానించడం న్యాయమే.

ఆ తర్వాత పని ఆటో ఎలక్ట్రీషియన్‌ది. చాలా చిన్న కార్లలో వెనుక సీటు ఎత్తితే చిన్న మూత, దాని కింద కప్లర్ కనిపిస్తాయి. బ్యాటరీ నెగటివ్ తీసి, కప్లర్ విప్పి, బెండు యూనిట్‌కు చెందిన రెండు పిన్నుల మధ్య మల్టీమీటరుతో ఓమ్‌లు కొలవమనండి. ఒకరు బండిని పక్కలకు మెల్లగా ఊపుతుంటే అంకె నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. మధ్యలో అంకె మాయమైతే, లోపం ట్యాంకులోనే ఉన్నట్లు తేలిపోయింది. అంకె సాఫీగా ఉంటే, బ్యాటరీ తిరిగి కలిపి, వైరు వైపు కప్లరులో సగం ట్యాంకుకు సరిపడే రెసిస్టర్ పెట్టి తాళం తిప్పి చూడాలి. ఎంత విలువ పెట్టాలో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ముల్లు సగం దగ్గర కదలకుండా నిలిస్తే మీటరూ వైరింగూ బాగున్నట్లే. కొన్ని కార్లలో ముల్లు కావాలనే నిదానంగా కదులుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాలు ఆగండి. పాత బండ్లలో చేసినట్లు వైరును నేరుగా బాడీకి తాకించి చూడటం ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లకు మంచిది కాదు, అలా చేయనివ్వకండి.

ఈ ఒక్క మాట దయచేసి తేలికగా తీసుకోకండి. బెండు యూనిట్ తీయడానికి ట్యాంకు మూత విప్పాల్సి వస్తే పని ఆరుబయట జరగాలి, ట్యాంకులో పెట్రోల్ సగం కంటే తక్కువ ఉండాలి, చుట్టుపక్కల బీడీ గానీ, వెల్డింగ్ గానీ, వేలాడే బల్బు గానీ ఉండకూడదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతూ దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు పాత రబ్బరు రింగు వాడనివ్వకండి, కొత్తది వేయించండి.

కొన్ని మోడళ్లకు బెండు యూనిట్ విడిగా దొరుకుతుంది, కొన్నింటికి పంపుతో కలిపే కొనాలి. రిపేరు అయ్యేదాకా ముల్లును నమ్మకండి. ట్యాంకు నింపించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మీ ట్యాంకు 35 లీటర్లది, బండి లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే లెక్కకు 525 వస్తుంది. మీరు 400 దగ్గరే బంకుకు వెళ్లండి. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే కాబట్టి, అడుగంటేదాకా నడిపితే పంపు కూడా పాడవుతుంది.

ప్రశ్న: విజయనగరం నుంచి సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్తుంటాను. ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఒకలా, దిగేటప్పుడు మరోలా చూపుతుంది. ఇది కూడా లోపమేనా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కాదు. కారు ట్యాంకు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. వాలులో పెట్రోల్ ఒక పక్కకు చేరుతుంది, బెండు మాత్రం తన చోటనే ఉంటుంది. చదునైన చోట బండి ఆపి, కాసేపయ్యాక చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. నింపించాక చాలా దూరం ‘ఎఫ్’ మీదే నిలవడం కూడా లోపం కాదు, బెండు పైకప్పుకు ఆనుకున్నంతసేపు ముల్లు కదలదు. ఘాట్‌లో ముల్లు చూసి అంచనా వేసుకోవాల్సిన అవసరం లేకుండా, సాలూరులోనే నింపించుకుని ఎక్కండి.