వాడిని ఒక్కసారి అడుగు

ప్రశ్న: నా వయసు 38. తెనాలిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో 14 ఏళ్లుగా గణితం చెబుతున్నాను. మా ప్రధానోపాధ్యాయురాలు త్వరలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ బాధ్యత నన్ను తీసుకోమని కరస్పాండెంట్ గారు అడిగారు. నాకు అంత సమర్థత ఉందో లేదో తెలియడం లేదు. తెలివి తక్కువవారే తమను తాము ఎక్కువగా ఊహించుకుంటారని ఎక్కడో చదివాను. నేనూ ఆ కోవలోదాన్నేమోనని భయంగా ఉంది. మనిషి అసలు సామర్థ్యాన్ని తేల్చి చెప్పే నమ్మదగిన పరీక్ష ఏదైనా ఉందా? దసరా సెలవుల లోపు జవాబు చెప్పాలి.

జవాబు: అటువంటి పరీక్ష లేదు. ఉన్నా మీకు పనికిరాదు, ఎందుకంటే ఫలితం చేతికి రాగానే అది నిజమో కాదో చెప్పమని మీరు డల్లాస్‌లోని మీ అన్నయ్యకు ఫోన్ చేస్తారు.

కటువుగా అన్నానని అనుకోకండి. పైన ఇచ్చింది మీ నాలుగు పేజీల ఉత్తరానికి సారాంశం మాత్రమే. పూర్తి ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివి, రెండోసారి పెన్సిలు పట్టుకుని లెక్క పెట్టాను. అందులో అన్నయ్య ప్రస్తావన పదిహేడు చోట్ల ఉంది. నాన్నగారి ప్రస్తావన పదకొండు చోట్ల, మీ వారిది రెండు చోట్ల ఉన్నాయి. పద్నాలుగేళ్లుగా మీ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల సంగతి ఒక్క చోట కూడా లేదు. తన బోధన ఎలా ఉందో తేల్చుకోవాలనుకునే ఉపాధ్యాయురాలు విద్యార్థులను వదిలేసి ఇంట్లోవారి గురించి రాసిందంటే, ఆమె తూకం వేసుకుంటున్న తక్కెడ బడిలో లేదని అర్థం.

మీరు చదివినది 1999లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ ప్రచురించిన పరిశోధన గురించి అయి ఉండాలి. వారు విద్యార్థులకు తర్కం, వ్యాకరణం వంటి వాటిలో పరీక్షలు పెట్టి, తోటివారిలో మీ స్థానం ఎక్కడ ఉంటుందని అడిగారు. అట్టడుగు పాతిక శాతంలోని వారు సగటున నూటికి 12 మంది కంటే మాత్రమే మెరుగ్గా ఉండి కూడా, 62 మంది కంటే మెరుగని చెప్పుకున్నారు. అదే పరిశోధనలో పై పాతిక శాతంలోని వారు తమ స్థానాన్ని ఉన్నదాని కంటే తగ్గించి చెప్పుకున్నారు. ఆ సంగతి మీరు చదివిన చోట రాయలేదో, లేక చదివి కూడా మీకు వర్తించదని దాటేశారో తెలియదు కానీ, రెండోదే జరిగి ఉంటుందని నా అనుమానం. లెక్కలు చెప్పేవారు కనుక ఇంకొకటి కూడా మీకు సులువుగా అర్థమవుతుంది. అట్టడుగున ఉన్నవాడి అంచనా తప్పితే పైకే తప్పాలి, అందరికంటే పైనున్నవాడిది కిందికే తప్పాలి. అందువల్ల ఆ తేడాలో కొంత భాగం కేవలం అంకెల మాయ అని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఇంత వివాదం ఉన్న విషయాన్ని పట్టుకుని రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకోవడం మీవంటి వారికి తగదు.

మీకు దగ్గరగా వచ్చే మాట అంతకు ముందే, 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పారు. చదువులోనూ వృత్తిలోనూ పైకి వచ్చిన 150 మందికి పైగా స్త్రీలను వారు దగ్గరగా గమనించారు. ఇంత సాధించి కూడా ఆ స్త్రీలు, తాము అందరినీ మభ్యపెడుతున్నామని, ఏదో ఒకనాడు బండారం బయటపడుతుందని లోలోపల భయపడుతూ ఉండేవారు. వారి ఇళ్లలో కనిపించిన తీరుల్లో ఒకటి ఏమిటంటే, ఇంట్లో మరొక బిడ్డకు తెలివైనవాడన్న పేరును, ఈమెకు మంచి మనసున్నదన్న పేరును పెద్దలు చిన్ననాడే పంచి ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఈమె ఎన్ని మార్కులు తెచ్చినా ఆ పంపకం మారదు.

"వాడిది బుర్ర, దీనిది ఓర్పు" అని మీ నాన్నగారు వచ్చినవారికల్లా చెప్పేవారని మూడో పేజీలో మీరే రాశారు. ఎదుట పొగిడితే పిల్లలకు దిష్టి తగులుతుందని, ఆయుక్షీణమని మన పెద్దలు అనుకునేవారు. అందులో ప్రేమ లేదని నేను ఎన్నడూ అనను. అయితే మీ నాన్నగారు ఆ నియమాన్ని ఇద్దరు పిల్లల్లో ఒకరి విషయంలోనే పాటించారు.

ఇక నాన్నగారి కంటి ఆపరేషన్ సంగతి. శుక్లం ముదిరిందని ముందుగా గుర్తించింది మీరు. గుంటూరు తీసుకువెళ్లి, షుగరు పరీక్షలు చేయించి, ఏ లెన్సు వేయాలో డాక్టరును పది ప్రశ్నలు అడిగి తెలుసుకుని, తేదీ ఖాయం చేసుకుని వచ్చింది మీరు. ఆ రాత్రి నాన్నగారు అన్నయ్యకు ఫోన్ చేసి మాట్లాడి, "వాడు సరేనన్నాడు, చేయించుకుంటాను" అని మీతో అన్నారు. దానికి మీరు నొచ్చుకున్నట్టు కూడా రాయలేదు. ఈ ఉద్యోగం గురించి చెప్పినప్పుడు కూడా ఆయన "వాడిని ఒక్కసారి అడుగు" అన్నారని రాసి, ఆ వాక్యాన్ని మళ్లీ కొట్టివేశారు. కొట్టివేసినా చదవడానికి వీలుగానే ఉంది. నాలుగు పేజీల్లోనూ అసలు ఉత్తరం ఆ ఒక్క వాక్యమే.

నాన్నగారిని చూసుకోవడం తగ్గించమని నేను చెప్పను. తల్లి పోయిన ఇంట్లో 74 ఏళ్ల తండ్రిని దగ్గర ఉంచుకుని చూసుకోవడం మీ ధర్మం, మీరు దాన్ని లోటు లేకుండా చేస్తున్నారు. అయితే సేవ చేయడం వేరు, ఆ సేవకు బదులుగా ఎప్పటికైనా ఒక మెప్పు రాలుతుందని ఎదురుచూడడం వేరు. మొదటిది కొనసాగించండి, రెండోది మానుకోండి. ఆయన ఇప్పుడు మారరు. ఈ శీర్షికలో నేను రాసే జవాబులను మా నాన్నగారు బతికి ఉన్నంత కాలం క్రమం తప్పకుండా చదివి, ఒత్తులు తప్పిన చోట్ల ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఇచ్చేవారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. నేను రాయడం మానలేదు.

మీ సామర్థ్యం గురించి ఒక చిన్న సంగతి. ఏటా జూన్‌లో బడి టైమ్‌టేబుల్ వేసేది మీరేనని, "అది ఎవరైనా వేస్తారు" అని తేలికగా రాశారు. పదహారు మంది ఉపాధ్యాయులు, పది సెక్షన్లు, రోజుకు ఎనిమిది పీరియడ్లు, అందులో ఇద్దరికి మధ్యాహ్నం తర్వాత వీలుకాదు, ఒకే ఒక్క సైన్స్ ల్యాబ్. దాన్ని ఎవరి మనసూ నొప్పించకుండా కుదర్చడం ఎవరికైనా వచ్చే పని అయితే, మీ ప్రధానోపాధ్యాయురాలు ఇన్నేళ్లుగా దాన్ని మీకే ఎందుకు ఇస్తున్నారు? మనకు సులువుగా వచ్చే పని అందరికీ సులువేనని అనుకోవడం సమర్థులు తరచుగా చేసే పొరపాటు. నిజంగా మీ అంచనా ఎంత సరైనదో చూసుకోవాలంటే, వచ్చే పరీక్షకు ముందు ప్రతి విద్యార్థికి ఎన్ని మార్కులు వస్తాయో ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, దిద్దిన తర్వాత పోల్చి చూడండి. కొత్త బాధ్యతలో కూడా ప్రతి మూడు నెలలకు అలాగే చేయండి. వాన పడే అవకాశం ఎంతో చెప్పే వాతావరణ శాఖవారి అంచనాలు కాలక్రమంలో కుదురుకోవడానికి కారణం, వారు చెప్పినది నిజమైందో లేదో మర్నాడే తెలిసిపోవడం. మీకు అటువంటి జవాబు తరగతి గదిలో దొరుకుతుంది, ఫోన్లో దొరకదు.

మీ వారు "నీ ఇష్టం" అన్నారని కాస్త నిష్ఠూరంగా రాశారు. ఆయన అడ్డు రాలేదు. ఇప్పటికి అది చాలు.

ఉద్యోగం తీసుకోండి. జీతం ఎంత పెంచుతారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అంటే మీరు అడగలేదని అర్థమైంది. కరస్పాండెంట్ గారిని ముందు అది అడగండి, మీ తరగతులు ఎన్ని తగ్గిస్తారో కూడా అడిగి, రెండూ కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాత సాయంత్రం కాఫీ ఇస్తూ నాన్నగారికి, "తీసుకోనా?" అని కాకుండా "తీసుకున్నాను" అని చెప్పండి. ఆయన వెంటనే "వాడికి చెప్పావా?" అని అడుగుతారు. "ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెబుతాను నాన్నా" అని, కంట్లో చుక్కలు వేసే వేళ అయితే ఆ పని చూడండి.