చిన్న గన్ చవక అనుకోకు తమ్ముడూ

ప్రశ్న: గ్రీన్ కార్డు వచ్చి కొన్ని నెలలైంది. డాలస్ దగ్గర ఒక గ్యాస్ స్టేషన్‌లో వాటా తీసుకున్నాను. రాత్రి స్టోర్ మూసి, కలెక్షన్ పట్టుకుని ఒక్కడినే బయల్దేరతాను. షర్టు కింద కనపడకుండా పెట్టుకునే చిన్న పిస్టల్ కొనాలనుంది. 300 డాలర్ల లోపు ఏది మంచిదో చెప్పగలరా అన్నా?

జవాబు: ఆ 300 అంకె దగ్గరే నిన్ను ఆపుతాను తమ్ముడూ. గ్రీన్ కార్డు చేతికొచ్చిన కొత్తలో నేనూ ఇదే లెక్కతో గన్ షాపులోకి వెళ్లాను. అప్పటికి నాదీ ఓ చిన్న స్టోర్‌లో వాటాయే. ప్రతి డాలర్‌నూ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి. కౌంటర్ అద్దం కింద ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా చవకది చూపించమన్నాను. అరచేతిలో ఇమిడిపోయింది. జేబులో వేసుకుంటే పర్సు ఉన్నట్టే ఉంది. ఇంకేం కావాలని కార్డు గీకేశాను. ఆ తర్వాత వరసగా పోగొట్టుకున్న డబ్బంతా కలిపితే మంచి గన్ ఒకటి కొత్తది వచ్చేది. నీకు ఆ ఖర్చు తప్పించాలని కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు రూల్స్ సంగతి నాలుగు ముక్కల్లో. గ్రీన్ కార్డు ఉంది, కేసులేమీ లేవు అంటే కొనొచ్చు. ఐడీ మీద ఇప్పుడు నువ్వుంటున్న అడ్రసే ఉండాలి. ఇల్లు మారి డ్రైవింగ్ లైసెన్స్ మార్చుకోకపోతే ముందు ఆ పని చూసుకో. షాపులో 4473 అనే ఫారం నింపిస్తారు. అందులో తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం. గన్ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయగలరు. హెచ్-1బీ, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లయితే గన్నే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ లాయర్‌ని అడగకుండా వాటి జోలికి పోవద్దు. హెచ్-1బీ స్నేహితుడు డబ్బిచ్చి నీ పేరు మీద కొనిపెట్టమంటే మొహమాటం లేకుండా కుదరదని చెప్పు. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారిని సరదాగా రేంజికి (గన్ కాల్చడం సాధన చేసే చోటికి) తీసుకెళ్లి చేతికి పిస్టల్ ఇవ్వకు. మిగతావి టెక్సస్ డీపీఎస్ (రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ శాఖ) వెబ్‌సైట్‌లో ఉన్నాయి, కూర్చుని చదువుకో.

ఇక నా పిస్టల్ సంగతి. అది .380 అనే చిన్న సైజు తూటాది, తూకం పావుకిలోకి కాస్త ఎక్కువ. మొదటిసారి రేంజికి తీసుకెళ్లినప్పుడు పట్టుకోవడమే ఇబ్బందైంది. పిడి మరీ పొట్టిది, రెండు వేళ్లే ఆనాయి, చిటికెన వేలు కింద గాలిలో వేలాడుతోంది. పేల్చిన ప్రతిసారీ బొటన వేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే మెత్తటి చర్మం మీద బెత్తంతో కొట్టినట్టు చురుక్కుమనేది. అరచేతుల్లో చెమట పట్టేసరికి స్లైడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పిస్టల్ పైభాగం) లాగడానికి పట్టు చిక్కలేదు. యాభై తూటాల పెట్టె సగం కూడా అవకముందే సర్దుకుని బయటికొచ్చేశాను. చెయ్యి ఎర్రగా కందిపోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం రేంజికి వెళ్లకుండా ఉండడానికి ఏదో ఒక సాకు దొరికేది.

దీనికి కారణం తర్వాత తెలుసుకున్నాను. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా తంతుంది. తూటా జోరు తగ్గదు, ఆ జోరును ఓర్చుకునే బరువు మాత్రం చేతిలో ఉండదు. పైగా గొట్టం పొట్టిదైతే గురి చూసే ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం తగ్గుతుంది, చేతిలో వెంట్రుకవాసి తేడా టార్గెట్ దగ్గర జానెడవుతుంది. గన్ వెంట పెట్టుకుని తిరగడానికి టెక్సస్ ఇచ్చే లైసెన్స్ పరీక్షలో 50 తూటాలు కాల్చాలి: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులకు 175 వస్తే పాస్. ఆ బుల్లి పిస్టల్‌తో నాకు 3 గజాల దగ్గర ఫరవాలేదు, 15 గజాల దగ్గర కాగితం మీద రంధ్రాలు ఎక్కడపడితే అక్కడ పడ్డాయి. లైసెన్స్ క్లాసు చెప్పే ఆయన తన పెద్ద 9 ఎంఎం పిస్టల్ చేతికిచ్చాడు. అదే చెయ్యి, అదే కన్ను, తూటాలన్నీ ఒకచోట పడ్డాయి.

సరే అమ్మేద్దామని షాపుకి పట్టుకెళితే సగం ధర కన్నా తక్కువ అన్నారు. ఎంత బేరమాడినా పైసా పెరగలేదు. కొత్త గన్ ఒక్కసారి షాపు గడప దాటిందంటే ఇక అది సెకండ్ హ్యాండే. అక్కడితో ఆగానా అంటే అదీ లేదు. స్లైడ్ లాగే బాధ ఉండదని ఈసారి అయిదు తూటాల చిన్న రివాల్వర్ తీసుకున్నాను. దాని ట్రిగ్గర్ నొక్కడానికి వేలి బలమంతా పెట్టాలి, అలా పెట్టేసరికి గన్ పక్కకి కదిలిపోతుంది. దాంట్లో వేసే .38 స్పెషల్ తూటాల ధర మామూలు 9 ఎంఎం కన్నా బాగా ఎక్కువ. రివాల్వర్ చెడ్డదని అనను, ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు దాంతో చక్కగా కొడతారు. కొత్తగా నేర్చుకునేవాడికి, అందులోనూ డబ్బు లెక్క చూసుకునేవాడికి అది సరిపడదు.

ఇప్పుడు పేర్లు చెప్తాను. 2018లో సిగ్ సావర్ పి365 వచ్చింది. అంతకు ముందు ఆ సైజు 9 ఎంఎంలలో ఆరో, ఏడో, ఎనిమిదో తూటాలు పట్టేవి. వీళ్లు దాదాపు అదే సైజులో మ్యాగజీన్‌లో పది పట్టించారు. తూకం అరకిలో, గొట్టం 3.1 అంగుళాలు. తర్వాతి ఏడాదే స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, గ్లాక్ 43ఎక్స్ వచ్చాయి. గ్లాక్ 43ఎక్స్‌ది సన్నటి ఒళ్లు, పొడుగు పిడి. చెయ్యి మొత్తం ఆనుతుంది గానీ వంగినప్పుడు షర్టు మీద పిడి అచ్చు కనపడే వీలుంది. ఇంట్లో నీ భార్య కూడా నేర్చుకుంటానంటే, ఆమెకు కూడా గ్రీన్ కార్డు ఉంటేనే, స్మిత్ అండ్ వెసన్‌లో షీల్డ్ ఈజీ అని ఒకటుంది, స్లైడ్ సులువుగా లాగేలా చేశారు. ఈ నాలుగింటిలో నీ చేతికి ఏది నప్పుతుందో నేనిక్కడ కూర్చుని చెప్పలేను, నీ చెయ్యే చెప్పాలి. తూటా మాత్రం 9 ఎంఎం దాటి పోకు. షాపుల్లో ఎక్కువగా దొరికేది, చవకగా దొరికేది అదే. .380 తూటా చిన్నది కదా అని ధర కూడా తక్కువనుకుంటారు మనవాళ్లు. పెట్టె పక్కన పెట్టె పెట్టి చూడు, అదే ఎక్కువుంటుంది.

నువ్వు 300 అన్నావు కదా, అసలు లెక్క ఇలా వేసుకో. గన్‌కు 500 చుట్టూ, దాని మీద ఇక్కడ 8.25 శాతం టాక్స్. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్ ఒర, అంటే హోల్‌స్టర్‌కు 60 నుంచి 80. గన్ బరువుకు వంగిపోని బెల్టుకు ఇంకో 50. ఇంట్లో తాళం పెట్టుకునే చిన్న సేఫ్‌కు 150. లైసెన్స్‌కు రాష్ట్రం తీసుకునేది 40 డాలర్లే, క్లాసు ఫీజు వేరే. సాధనకు మామూలు తూటాలు యాభై పెట్టె 15 డాలర్ల చుట్టూ, దగ్గర పెట్టుకుని తిరిగే హాలో పాయింట్ (మొనలో గుంట ఉండే) తూటాలు చిన్న పెట్టెకే అంతకు మించి అవుతాయి, అవి కూడా కొన్ని కాల్చి గన్‌లో ఎక్కడా ఇరుక్కోవడం లేదని చూసుకోవాలి. రేంజిలో గంటకు ఇంత అని అద్దె. మొత్తం వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది. నెలనెలా ఒక పెట్టె తూటాలకు డబ్బు మిగలనప్పుడు గన్ కొనడం వాయిదా వేసుకోవడమే నయం. 2020లో తూటాల కరువొచ్చి ధరలు రెండింతలు దాటినప్పుడు మా వాళ్లు చాలామంది రేంజికి వెళ్లడం మానేశారు. నేను ముందే కొని పెట్టుకున్నాను కాబట్టి నా సాధన ఆగలేదు.

హోల్‌స్టర్ దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. నేను చూపించాను. పన్నెండు డాలర్ల గుడ్డ హోల్‌స్టర్ కొన్నాను. ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. పొడుగు కుర్తా కింద గన్ ఎవరికీ కనపడదులే అనుకున్నాను. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేసరికి ఆ గుడ్డ మెత్తబడి గన్ పైకి జరగడం మొదలైంది. పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక చెయ్యి పొట్ట మీదే పెట్టుకుని అక్షింతలు వేశాను. కథ అవుతుండగానే లేచి కారు దగ్గరికి వెళ్లి, సీటు కింద గొలుసుతో కట్టిన చిన్న పెట్టెలో పెట్టి తాళం వేసి వచ్చాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి తీసి సర్దుకుందాం అనే ఆలోచన ఎప్పుడూ చేయకు. అలా తీసి పక్కన పెట్టి మర్చిపోయి వచ్చినవాళ్లున్నారు. నేల మీద కూర్చోవాల్సిన చోటికీ, పిల్లలున్న చోటికీ ఇప్పుడు నేను అసలు తీసుకెళ్లను. ఇంట్లోనూ అంతే. 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ ఉంచడం టెక్సస్‌లో నేరం. బీరువా పై అరలో బట్టల కింద దాచడం దాచడం కాదు.

ఇక నీ వ్యాపారంలో ఉన్న పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. గన్‌ను కౌంటర్ కింద వదిలేసి ఇంటికి వెళ్లకు. మన స్టేషన్లలో కౌంటర్ దగ్గర ఎవరు నిలబడతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కుర్రాడు వీసా మీద ఉన్నవాడైతే, చేతికి అందేంత దూరంలో గన్ ఉందంటే చాలు, వాడి మీద ఫెడరల్ కేసు పెట్టే అవకాశం ఉంది. వాడి చదువు, వీసా, ఇంటి దగ్గర అమ్మానాన్నల అప్పు, అన్నీ నీ అజాగ్రత్తకు బలైపోతాయి. గన్ నీ ఒంటి మీదో, సేఫ్‌లోనో ఉండాలి, మూడో చోటు లేదు.

ఎవడైనా గన్ చూపించి గల్లాపెట్టె తెరవమంటే తెరిచి ఇచ్చేయ్. నేను డబ్బు మనిషిని, అయినా ఇదే చెప్తాను. గల్లాలో ఉండేది రెండొందలో మూడొందలో. నువ్వు ఒక్క తూటా పేల్చావంటే, న్యాయం నీ వైపే ఉన్నా, లాయర్ ముందు పెట్టే ఫీజు వేలల్లో మొదలవుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడే గన్ సంగతి. ఎక్కువ నోట్లు గల్లాలో ఉంచకుండా చీలికలోంచి లోపల వేసేసే డ్రాప్ సేఫ్ పెట్టించు, బయట ఆ సంగతి చెప్పే బోర్డు అంటించు. బ్యాంకుకు పగలు వెళ్లు, రోజూ ఒకే టైముకు వెళ్లకు. ఇవన్నీ కలిపినా ఖర్చు గన్ కన్నా తక్కువే. నేను ఈ పద్ధతిలోనే రెండు స్టోర్లు నడుపుకొస్తున్నాను, గన్ బయటికి తీయాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

ఇక లైసెన్స్ ఎందుకని అడుగుతావేమో, టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 నిండిన అర్హులు లైసెన్స్ లేకుండానే గన్ పెట్టుకుని తిరగొచ్చు, నిజమే. కానీ కారులో రాష్ట్రం సరిహద్దు దాటాక ఈ వెసులుబాటు ఉండకపోవచ్చు, చాలా రాష్ట్రాలు మన లైసెన్స్ చూస్తాయి. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా అదీ ఒప్పుకోవు. అక్కడున్న బంధువుల ఇంటికి వెళ్లేటప్పుడు ఇంటి సేఫ్‌లో వదిలేసి వెళ్లు. ఇండియా ప్రయాణానికి రేంజి బ్యాగు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. బ్యాగు అరలో అడుగున ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో కనపడిందంటే ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక జరిగిందని కోర్టులో తేలేలోపు నీ సెలవులు, టికెట్టు, సగం ఆస్తి అయిపోతాయి. రేంజి బ్యాగు రంగు వేరేగా కొనుక్కో, గ్యారేజీ దాటి లోపలికి తేకు.

వచ్చే శనివారం గన్‌లు అద్దెకిచ్చే రేంజికి వెళ్లు. ఇప్పటిదాకా ఎప్పుడూ కాల్చకపోతే అక్కడే గంట సేపు నేర్పించేవాళ్లని మాట్లాడుకో. పి365, 43ఎక్స్ రెండూ తీసుకుని ఒక్కో దాంట్లో ఒక్కో పెట్టె కాల్చు. నేర్పే ఫీజు కాక వంద డాలర్ల లోపు అవుతుందేమో, నేను పోగొట్టుకున్న దాంట్లో అది చిన్న ముక్క. పెట్టె చివర్లో కూడా నీ చెయ్యి నొప్పెట్టకుండా ఇంకో పది కాలుద్దాం అనిపించేది ఏదో, దాన్నే కొను. సెకండ్ హ్యాండ్‌లో మంచి షాపులో దొరికితే ఇంకా మంచిది, మిగిలిన డబ్బు తూటాలకు పెట్టుకో.