ఓడల లెక్కలు కూడు పెడతాయా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. రెండో ప్రపంచ యుద్ధం గేమ్ ఒకటి పట్టుకుని వదలడం లేదు. అందులో కాల్చుకోవడాలు తక్కువ, ఏ రేవుకి ఎన్ని ఓడల్లో ఎంత ఆయిల్ పంపాలన్న లెక్కలే ఎక్కువ. ఎక్సెల్ షీట్లు కూడా రాసుకుంటున్నాడు. ఇదే నా కెరీర్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ ఎక్సెల్ షీటు ఒకసారి తెరిపించండి. తిట్టడానికి కాదు. ఓడ ఎన్ని టన్నులు మోస్తుందో రాసుకుని ఊరుకున్నాడా, అవతలి రేవులో రోజుకి ఎంత దించగలరో కూడా రాశాడా? నేనైతే ఆ రెండో కాలమ్ కోసమే వెతుకుతాను.

1942లో పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలో అమెరికా సైనికులు సరుకుల కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటే, ఆ సరుకులు వెళ్లాల్సిన న్యూ కలెడోనియాలోని నౌమియా రేవులో డజన్ల కొద్దీ ఓడలు నిండు సరుకుతో లంగరేసుకుని నిలబడ్డాయి. దించడానికి బెర్తులు, అంటే ఓడ ఆనుకుని నిలిచే చోట్లు చాలవు, మనుషులు చాలరు. జపాన్‌ది ఇంకో చిక్కు. సుమత్రా, బోర్నియో చమురు చేతికొచ్చినా, దాన్ని ఇంటికి చేర్చే ట్యాంకర్లను అమెరికా సబ్‌మెరైన్లు ముంచేస్తూ పోయాయి. కాన్వాయ్‌ల, అంటే కాపలాతో గుంపుగా వెళ్లే ఓడల రక్షణకంటూ పెద్ద కమాండ్ పెట్టేసరికి 1943 నవంబర్ వచ్చింది. ఈ రెండు చిక్కుల్లో దేని గురించి అడిగితే మీవాడు ఆగకుండా మాట్లాడతాడో చూడండి.

నౌమియా గురించైతే పోర్టులు, లాజిస్టిక్స్ వైపు పంపొచ్చు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో, వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయంలో ఈ చదువులున్నాయి. బీటెక్ చేసి తర్వాత ఎంబీఏతో వచ్చినా ఆలస్యమేం కాదు. నేవీలో లాజిస్టిక్స్ ఆఫీసర్లు వేరే ఉంటారు, డిగ్రీ తర్వాత ప్రయత్నించొచ్చు. ట్యాంకర్ల గురించైతే, అంటే ఏ దారిన పంపితే నష్టం తక్కువ అన్న లెక్క పట్టుకుంటే, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ చదివి ఆపరేషన్స్ రీసెర్చ్‌లోకి వెళ్లనివ్వండి. నా మొగ్గు ఇటే. పేరు పెద్దగా వినబడదు గానీ పని బాగుంటుంది.

ఓడే ఎక్కుతానంటే నాటికల్ సైన్స్ ఉంది, ఓడ నడిపే చదువు. దానికి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ రాయాలి. రంగులు గుర్తించడంలో లోపముంటే డెక్ మీద ఓడ నడిపే పనికి తీసుకోరు కాబట్టి కంటి పరీక్ష ఇప్పుడే చేయించండి. సీటిప్పిస్తామని ఏజెంట్లు తిరుగుతుంటారు. కాలేజీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో చూడకుండా రూపాయి కట్టకండి.

ఇంకోటి, మీది కాకినాడే కదా. అక్కడ యాంకరేజ్ పోర్టులో బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్లి సముద్రంలో ఆగిన ఓడలకి ఎక్కుతాయి. ఓ ఆదివారం బార్జీలు కనబడే చోట నిలబెట్టి, ఒక్కోటి నిండడానికి ఎంతసేపు పడుతోందో రాయమనండి. గంటకే ఫోన్ తీశాడంటే ఈఏపీసెట్ పుస్తకాలే ముందు పెట్టండి. లారీ ఎందుకు ఆగిందని అక్కడి హమాలీని అడిగాడంటే నాకు మళ్లీ రాయండి.