విరాళాలతో నడిచే వార్తాసంస్థలో ఉద్యోగం... అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి జర్నలిజం పీజీ చివరి సెమిస్టర్‌లో ఉంది. కౌలు రైతులు, కూలీల మీద వార్తలు రాసే చిన్న సంస్థలో చేరతానంటోంది. అది యాడ్స్ తీసుకోదట, విరాళాలతోనే నడుస్తుందట. ఆ డబ్బు ఆగిపోతే జీతం ఎలాగని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయముంది. ఈ గ్రాంట్లు, అంటే దాతల నిధులు, సాధారణంగా ఏడాదికో, రెండు మూడేళ్లకో ఇస్తారు. గడువు తీరాక మళ్లీ ఇస్తారన్న గ్యారంటీ లేదు. పైగా 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం వార్తాపత్రికలు, విలేకరులు, ఆడియో వీడియో వార్తలు అందించే కంపెనీలు విదేశీ విరాళాలు తీసుకోకూడదు. అందుకే మన దగ్గరి దాతలే ముఖ్యం. ఇలాంటి సంస్థలకు నిధులిచ్చే బెంగళూరు ఫౌండేషన్ ఒకదానిలో 2022 సెప్టెంబరులో ఆదాయపన్ను అధికారులు సర్వే, అంటే లెక్కల తనిఖీ, చేశారు. దాతకు చిక్కొస్తే ఆ సెగ విలేకరి జీతం దాకా తగులుతుంది.

అయినా వద్దని చెప్పను. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో ప్రసారాలు మొదలుపెట్టింది. జొన్న, కొర్ర సాగు, విత్తనాలు దాచుకునే పద్ధతి, పొలం పాటలు అన్నీ వాళ్ల యాసలోనే వినిపిస్తారు. రేటింగ్‌ల లెక్క చూసుకునే ఛానల్ ఆ పని చేయదు. లాభం ఆశించని డబ్బు వెనకుంటేనే అలాంటివి నిలబడతాయి. మీ అమ్మాయి కోరుకుంటున్న పని విలువైనది, మనస్ఫూర్తిగా అంటున్నాను.

చేరే ముందు మాత్రం గట్టిగా అడగాలి. ఆఫర్ లెటర్లో "ప్రాజెక్ట్ ముగిసేవరకు" అని ఉంటే, ఆ ప్రాజెక్ట్ ఏ నెలలో ముగుస్తుందో కనుక్కోమనండి. మొత్తం నిధుల్లో సగానికి మించి ఒక్క దాతవే అయితే నేను వెనకాడతాను. ఏ వార్త వేయాలో దాత చెప్పకూడదని ఒప్పందంలో రాసుకున్నారా? పీఎఫ్, హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి సరేసరి.

చేరాక రిపోర్టింగ్‌తో పాటు గ్రాంట్ ప్రపోజల్ రాయడం, బడ్జెట్ వేయడం, దాతకు పంపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం) చదవడం నేర్చుకోవాలి. జర్నలిజం విద్యార్థులు పట్టించుకోనిది ఇదే. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే సామాజిక బాధ్యత పనులకు, ఖర్చు పెట్టాలి. ఆ నిధులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. ఊళ్లు తిరిగి, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ చక్కగా రాసి, లెక్క చెప్పగలిగే మనిషి వాళ్లకూ కావాలి.

ముందు ఆ సంస్థ గత రెండేళ్ల ఆడిట్ రిపోర్టులు తెప్పించండి. ఇవ్వడానికి నసిగితే ఇంకో సంస్థ చూసుకోమనండి.