పాప గురించి పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి, డాక్టరుకు చెప్పవచ్చా?

చెప్పండి. నేను చెప్పకుండా నాలుగు నెలలు నరకం పడ్డాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

మా పెద్దమ్మాయి పుట్టిన మూడో వారంలో కూరగాయల కత్తిని పాతబట్టలో చుట్టి, అలమర పైఅరలో చేతికి అందనంత లోపలికి తోసేశాను. పాపను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్తే చాలు, ఆ కత్తితో నేనే ఏదో చేసేసినట్టు కళ్ల ముందు మెదిలేది. ఒళ్లు చల్లబడిపోయేది. పరాయి దేశానికి కొత్తగా వచ్చాం. నోరు విప్పితే పిల్లను తీసుకుపోతారని భయం. ఆసుపత్రిలో ఎడిన్‌బరో పత్రం అని 10 ప్రశ్నలు నింపించారు. అది ముఖ్యంగా డిప్రెషన్ కోసం, బిడ్డ గురించి ఇలాంటి ఊహలు వస్తున్నాయా అని అందులో ఎక్కడా అడగరు. బాగానే ఉన్నానని పంపేశారు.

ఇలాంటి ఊహలు కొత్త తల్లుల్లో చాలామందికి వచ్చి పోతాయి, తండ్రులకూ వస్తాయి. అవి వదలకుండా పట్టుకుని, వాటికి భయపడి దాచడం, కడగడం, పదేపదే చూసుకోవడం మొదలై రోజంతా దానికే పోతుంటే అది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక సమస్య. చేయాలని ఉండి వచ్చే ఆలోచనలు కావివి. బిడ్డకు ఏమవుతుందోనన్న భయమే ఇలా తిరగబడుతుంది.

ప్రసవం తర్వాత వచ్చే సైకోసిస్ వేరు. గొంతులు వినిపించడం, బిడ్డలో ఏదో చెడు ఉందని గట్టిగా నమ్మడం, నిద్రే అక్కర్లేదనిపించడం, మాటల్లో పొంతన లేకపోవడం దాని లక్షణాలు. 1000 ప్రసవాల్లో ఒకరిద్దరికి వస్తుంది. అలా ఉన్నా, చచ్చిపోవాలనిపించినా ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లాలి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

ఓసీడీకి మంచి చికిత్స ఉంది. చికిత్స చేసేవాళ్లు దాచిన కత్తిని నాతోనే కిందికి తీయించారు. మొదట బల్ల మీద పెట్టి ఊరికే చూడటం. తర్వాత పాప పక్కగదిలో ఉండగా కూర కోయడం. చివరికి ఉయ్యాల పక్కనే నిలబడి కోయడం. గుండె దడదడలాడినా పారిపోకుండా ఉంటే, భయం దానంతటదే తగ్గడం చూశాను. మందులూ ఉన్నాయి. వాటిలో ఒకటైన సెర్ట్రలిన్ తల్లిపాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది. మీకు ఏది సరిపోతుందో డాక్టరే చూస్తారు.

భర్తలకు ఒక మాట. "నేనేం చేయను కదా?" అని ఆమె రాత్రికి పదిసార్లు అడుగుతుంది. "చేయవు" అంటే ఐదు నిమిషాలే ఊరట, మళ్లీ అదే ప్రశ్న. మా ఆయన "ఆ భయం మళ్లీ వచ్చినట్టుంది, కాసేపు కూర్చుందాం" అనడం నేర్చుకున్నారు.

భాష ఇబ్బందైతే దుబాసీని అడగండి. ఇంట్లోవాళ్లను మాత్రం మధ్యలో పెట్టకండి, వాళ్ల ముందు ఈ మాట బయటికి రాదు. "పాపకు హాని జరిగినట్టు నేను కోరుకోని ఆలోచనలు వస్తున్నాయి. అవి నన్నే భయపెడుతున్నాయి. ఓసీడీ ఏమో చూడండి." ఈ మూడు వాక్యాలూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. నోరు పెగలకపోతే కాగితమే చేతికివ్వండి.