పాప గడ్డం పైకెత్తితే దించొద్దు తల్లీ

అమ్మలూ,

బారసాల ఫొటోలు మీ అమ్మ పంపింది. అన్నిట్లోనూ పాప నిద్రపోతున్నట్టే ఉంది. రెండో ఫొటో దగ్గరే నాకు గుండె ఝల్లుమంది. చిన్న చిన్న కళ్లు, ఆ రెండిటి మధ్య ఎడం, కింది రెప్ప నుంచి ముక్కు పక్కగా పైకి మడిచినట్టున్న చర్మం. మా ఇంట్లో ఉయ్యాల్లో నేను చూసిన ముఖం కూడా అదే. నిన్న మీ అమ్మ డాక్టరు చీటీ చేతిలో పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఫోన్‌లో చదివింది, బ్లెఫరోఫైమోసిస్ అని. ఆ పేరు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఫోన్‌లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను. పాపకి పాలిచ్చి పడుకోబెట్టాక తీరిగ్గా చదువుకో.

గ్రహణం నాడు నువ్వు కత్తిపీట ముట్టుకున్నావని మీ అత్తగారు అన్నారట. అప్పట్లో నన్నూ అలాగే అన్నారు. మాది మేనరికం కాబట్టే ఇలా పుట్టిందని ఇంకొకరు అన్నారు. రెండూ నిజం కాదు. ఫాక్స్‌ఎల్2 అనే జన్యువులో మార్పు వస్తే రెప్పలు ఇలా ఏర్పడతాయని 2001లో కనిపెట్టారు. అప్పటికి మా అమ్మాయికి మూడేళ్లు. ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కదాంట్లో మార్పున్నా చాలు, ఇది వస్తుంది. అందుకే దీనికి మేనరికంతో పని లేదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరికీ లేకపోయినా బిడ్డలోనే కొత్తగా మొదలవ్వచ్చు, మా ఇంట్లో అలాగే జరిగింది. నువ్వు తిన్నదానివల్లో, చూసినదానివల్లో వచ్చేది కాదు. మీ అత్తగారితో వాదన పెట్టుకోకు. డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు, ఆ మాట డాక్టరు నోటితోనే విననివ్వు. మా అత్తగారు అలా విన్న రోజు నుంచి పాపని ఒళ్లోంచి దించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ నిన్ను పాప ముఖం గురించే అడుగుతారు, ఆపరేషన్ చేస్తే కళ్లు పెద్దవి అవుతాయా అని. నువ్వు మాత్రం చూపు గురించి ఆలోచించు. రెప్ప అందంగా ఉందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు. చూపు అలా కాదు. పుట్టిన మొదటి కొన్నేళ్లలోనే మెదడు చూడటం నేర్చుకుంటుంది. రెప్ప వాలి కంటిపాపని మూసేసినా, సైటు ఉండి అద్దాలు పెట్టకపోయినా, మెల్లకన్ను ఉన్నా మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. లేజీ ఐ అంటారు. కన్ను బాగానే ఉంటుంది, చూపు మాత్రం ఎదగదు.

మేము ఇక్కడే దెబ్బ తిన్నాం. మా అమ్మాయికి ఏడో నెలలో మా ఊళ్లో ఒక డాక్టరుకి చూపించాం. ముఖం పెరిగితే కళ్లు అవే తెరుచుకుంటాయి, ఐదేళ్లకి తీసుకురండి అన్నాడు. ఆ మాట మాకు తియ్యగా వినిపించింది. ఇంటికొచ్చి పరవాన్నం వండుకున్నాం. రెండున్నరేళ్లకి మీ పెదనాన్న స్నేహితుడు ఒకాయన చూసి కోప్పడితే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు తీసుకెళ్లాం. అప్పటికే ఎడమ కన్ను వెనకబడిపోయింది. ఆ రెండేళ్లు తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్టుంటుంది. అందుకే నీకు చెప్తున్నాను, ఆపరేషన్‌కి టైముంది, పరీక్షకి మాత్రం లేదు. ఈ నెలలోనే వెళ్లు.

వెళ్లేటప్పుడు మామూలు కళ్లడాక్టరు సరిపోడు. పిల్లల కళ్లు చూసే డాక్టరు ఒకరు, రెప్పల ఆపరేషన్లు చేసే ఆక్యులోప్లాస్టీ డాక్టరు ఒకరు, ఇద్దరూ ఒకేచోట ఉన్న ఆస్పత్రి కావాలి. బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది, డబ్బు కట్టలేనివాళ్లని ఉచితంగానూ చూస్తారు. ప్రభుత్వానిదైతే మెహిదీపట్నం సరోజినీదేవి ఆస్పత్రి. పుట్టుకతో వచ్చిన ఇబ్బందులున్న పిల్లల కోసం జిల్లా ఆస్పత్రిలో డైక్ సెంటర్ అని ఒకటి ఉంటుంది, అక్కడ కూడా పేరు రాయించు. మీ ఇద్దరి చిన్నప్పటి ఫొటోలు, పాప పుట్టిన రోజు నుంచి తీసినవి అన్నీ పట్టుకెళ్లు. ఇక నుంచి ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే వెలుతురులో, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసి ఉంచు. రెప్ప ఎంత వాలుతోందో, తల ఎంత ఎత్తుతోందో డాక్టరుకి మన మాటలకంటే అవే బాగా చెప్తాయి.

అక్కడ కంట్లో చుక్కలు వేసి సైటు చూస్తారు. ఒక్కోసారి బుగ్గలు ఎర్రబడతాయి, వెలుతురు చూస్తే పాప ముఖం తిప్పుకుంటుంది, కంగారుపడకు. ఒంట్లో వేడి పెరిగినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే అక్కడివాళ్లకి చెప్పు. అద్దాలు రాస్తే పెట్టు. ఇంత చిన్నపిల్లకి అద్దాలా అని బస్సులో ఎవరో ఒకరు నోరు నొక్కుకుంటారు. నొక్కుకోనీ. చెవుల వెనకనుంచి సాగే పట్టీ ఉన్నవి తీసుకుంటే జారవు.

స్నానం పోసే ముసలమ్మకి గట్టిగా చెప్పు, పాప కళ్లు లాగొద్దని, ముక్కు నొక్కొద్దని. నలుగు పెట్టి లాగితే ఆ చర్మం సాగదు, రెప్పని ఎత్తే కండ బలపడదు. కాటుక వద్దు, ఆముదం చుక్క వద్దు, చనుబాల చుక్క వద్దు. మా అత్తగారికి దిష్టి భయం, కాటుక పెట్టకపోతే నిద్రపట్టేది కాదు. అరికాలికి పెట్టమన్నాను, ఒప్పుకున్నారు. ఈ పిల్లల్లో కొందరికి కన్నీటి దారి సరిగ్గా ఉండదు, కన్ను ఊరికే చెమ్మగిల్లుతుంది. అది కనిపిస్తే డాక్టరుకి చూపించు, వాళ్లు నేర్పిస్తేనే అక్కడ వేలు పెట్టు.

రెప్ప వాలినవాళ్లకి పైనున్నవి కనపడవు, కిందివి కాస్త బాగా కనపడతాయి. పాప ఒళ్లో పడుకున్నప్పుడు నువ్వు తల మీదుగా వంగి పలకరిస్తే నీ ముఖం తనకి అందదు. నువ్వే కాస్త కిందికి జరుగు. పాప పొట్ట వైపు నుంచి, తన కళ్లకంటే కిందుగా నీ ముఖం పెట్టి పిలువు. మొదటిసారి నేనలా చేసినరోజు మా అమ్మాయి నన్ను చూసి నవ్వింది. అప్పటిదాకా పిల్ల నవ్వదేమిటా అని బెంగపడ్డాను, తనకి నేను కనపడితే కదా! ఉయ్యాల మీద వేలాడే చిలకలకంటే గుండె ఎత్తులో, చేతికందేలా ఉన్న బొమ్మే తనకి పనికొస్తుంది.

కూర్చోవడం మొదలుపెట్టాక గడ్డం పైకెత్తి చూస్తుంది, కనుబొమ్మలు ఎత్తుతుంది, నుదురంతా ముడతలు పడుతుంది. రెప్ప కింద మిగిలిన సందులోంచి చూడటానికి పాప కనిపెట్టుకున్న ఉపాయం అది. నేనది తెలియక దించేదాన్ని. అన్నం పెడుతూ, తల దించవే, ఆ పొగరేమిటే అని గడ్డం కింద వేలుపెట్టి కిందికి నొక్కేదాన్ని. తను అన్నం ముద్ద ఎక్కడుందో వెతుక్కునేది. ఎన్ని నెలలు అలా చేశానో. హైదరాబాదులో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తల ఎత్తుతోందంటే చూడాలని ప్రయత్నిస్తోందని సంతోషించమ్మా, ఎత్తడం మానేస్తే వెంటనే నా దగ్గరికి రా అంది. నువ్వూ అదే గమనించు. మునుపటికంటే ఎక్కువ ఎత్తుతున్నా, ఉన్నట్టుండి మానేసినా, ఒక కంటి మీద చెయ్యి పెడితే ఊరుకుని రెండో కంటి మీద పెడితే ఏడ్చినా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. తల వెనక్కి వాల్చి నడుస్తారు కాబట్టి నడక కాస్త ఆలస్యం కావచ్చు. మా అమ్మాయి పదిహేడో నెలలో నడిచింది.

ప్యాచ్ కట్టమంటే మాత్రం ఏడుపుకి లొంగకు. బాగున్న కన్ను మూసి, వెనకబడిన కంటితో చూపిస్తారు, రోజుకి ఎన్ని గంటలో వాళ్లే చెప్తారు. మొదటి వారం మా అమ్మాయి ఊడబెరికి విసిరేసింది. బొమ్మకి కూడా అంటించాను, ప్యాచ్ మీద ఎర్రబొట్టు పెట్టాను. తర్వాత గుప్పెడు మరమరాలు నల్ల పలక మీద పోసి ఒక్కొక్కటే ఏరుకుని తినమన్నాను. తలంతా వెనక్కి వాల్చి, నాలిక బయటపెట్టి, రెండు వేళ్లతో ఒక్కో గింజ పట్టుకునేది. రెండు గంటలు ఎలా గడిచాయో తెలిసేది కాదు. ఆ కన్ను పూర్తిగా సరి కాలేదు, కానీ చాలా తేరుకుంది.

ఆపరేషన్ మామూలుగా మూడేళ్లు దాటాక చేస్తారు. ముందు ముక్కు పక్కన మడత సరిచేసి కంటి మూలలు దగ్గరికి తెస్తారు, ఆ తర్వాత ఏడాదికి అటూ ఇటూగా రెప్ప ఎత్తుతారు. కొందరు డాక్టర్లు రెండూ కలిపే చేస్తారు. కంటిపాప బాగా మూసుకుపోయి చూపుకి ముప్పుంటే రెప్ప ఎత్తడం ఇంకా ముందే చేస్తారు. రెప్పని నుదుటి కండరానికి కడతారన్నమాట. కనుబొమ్మ ఎత్తితే రెప్ప లేస్తుంది. చిన్నపిల్లలకి ఎక్కువగా సిలికాన్ దారం వాడతారు, పెద్దయ్యాక అయితే తొడలోంచి తీసిన పొరతో. కొన్నేళ్లకి మళ్లీ వాలితే మళ్లీ చెయ్యాల్సి రావచ్చు, అది ముందే తెలుసుకుని ఉండు. ఆరోజు మత్తుడాక్టరు చెప్పిన గంట దాటాక పాప ఎంత ఏడ్చినా చెంచాడు పాలు కూడా పట్టొద్దు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

రెప్ప ఎత్తాక పాప కళ్లు సగం తెరుచుకునే నిద్రపోతుంది. నాకు మొదటి రాత్రి చేతులూ కాళ్లూ ఆడలేదు. తడి ఆరిపోకుండా ఆయింట్‌మెంట్ ఇస్తారు, రాత్రి అది ఒక్క పూట కూడా మానొద్దు. ఫ్యాను గాలి ముఖం మీద పడకుండా పడుకోబెట్టు. కన్ను ఎర్రబడినా, చీము కట్టినా, వెలుతురుకి కళ్లు గట్టిగా మూసుకున్నా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆరోజే ఆస్పత్రికి.

ఇంకొక్కటి, పాప ఆడపిల్ల కాబట్టి. దీన్లో రెండు రకాలున్నాయి. ఒక రకంలో ఆడపిల్లలకి అండాశయాలు చిన్న వయసులోనే పని మానేస్తాయి. రెండో రకంలో రెప్పల వరకే. మాకు ఈ మాట అమ్మాయికి పద్దెనిమిది దాటాక గానీ ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాతి సంగతులు తను చెప్పుకోవాల్సినవి, నేను రాయను. నువ్వు జన్యువుల డాక్టరుని ఇప్పుడే కలువు. పరీక్ష కొంతవరకు చెప్తుంది, అన్నీ చెప్పలేకపోవచ్చు. పాప ఈడొచ్చే వయసుకి గైనకాలజిస్టు దగ్గర చూపించాలని కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకో. ఈ సంగతి చుట్టాల్లో ఎవరికీ చెప్పకు, మీ అత్తగారితో సహా. పాపకి ఊహ తెలిశాక ముందు తనకే చెప్పు.

ఊళ్లో వాళ్లు నిద్రమొహం అంటారు, బడిలో టీచర్లు కూడా అంటారు. నేనూ టీచర్నే కాబట్టి చెప్తున్నాను, చేర్చిన రోజునే క్లాసు టీచరుకి రెండు ముక్కల్లో చెప్పిరా. పిల్లకి పుట్టుకతో రెప్పలు చిన్నవి, తల ఎత్తి చూస్తుంది, వినకుండా ఉన్నట్టు కాదు అని. ఫొటో స్టూడియోలో కళ్లు పెద్దవి చెయ్యి పాపా అంటే నువ్వు కలగజేసుకుని, ఇవే తన కళ్లు, తియ్యండి అను. నీ నోటినుంచి ఆ మాట పదిసార్లు వింటే పదకొండోసారి తనే అంటుంది. మా అమ్మాయి అంది.

అపాయింట్‌మెంట్ తేదీ తెలియగానే చెప్పు, ముందురోజు రాత్రి గోదావరికి నేను ఏలూరులో ఎక్కుతాను. అమ్మాయి మియాపూర్‌లోనే ఉంటోంది, సెలవు పెట్టి నేరుగా ఆస్పత్రికి వస్తానంది. పాపని ఎత్తుకోవాలట. అల్లుణ్ణి కూడా రమ్మను, చుక్కలు వేసేటప్పుడు పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. రెండు పాత మెత్తటి చీరముక్కలు, ఒక టోపీ, పాల సీసా వేరే సంచిలో పెట్టుకో.

నీ పెద్దమ్మ